విపశ్యన కోర్సు: కదలకుండా కూర్చునే ఆ గంట సంగతి

నిన్న పొద్దున్నే విపశ్యన ధ్యానం పది రోజుల కోర్సు ముగించుకుని ఇంటికొచ్చాను. మోకాళ్ళు ఇంకా పట్టేసే ఉన్నాయి. ఈ నొప్పి మరిచిపోకముందే రాసేస్తున్నా. వెళ్ళొచ్చిన వాళ్ళని ఎవరిని అడిగినా "మాటల్లో చెప్పలేం, అనుభవించాల్సిందే" అంటారు. చెప్పొచ్చు. చెప్పడానికి బద్ధకం, అంతే.

దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే పెట్టాలి. ఫీజు లేదు. బసకీ భోజనానికీ పైసా అడగరు. కోర్సు పూర్తిచేసిన వాళ్ళు చివర్లో ఇచ్చే విరాళాలతోనే కేంద్రాలు నడుస్తాయి. హైదరాబాద్‌లో నాగార్జునసాగర్ రోడ్డు మీదున్న ధమ్మఖేత్త కేంద్రం 1976 నుంచీ ఇలాగే నడుస్తోంది. ఫారంలో ఆరోగ్యం గురించి అడిగిన చోట ఉన్నదున్నట్టు రాయండి, మనసుకి సంబంధించిన మందులు వాడుతుంటే మరీ ముఖ్యం. ఈ కోర్సు అందరికీ పడదు. ఆ మాట కేంద్రాల వాళ్ళే చెబుతారు.

పది రోజులన్నారని పది రోజులే సెలవు పెట్టకండి. ముందురోజు మధ్యాహ్నానికల్లా చేరాలి, పదకొండో రోజు పొద్దున గానీ వదలరు. అంటే పన్నెండు రోజులు. మా ఆఫీసులో "అర్జంటైతే ఒక్క కాల్ కూడా ఎత్తవా?" అని రెండు మూడు రకాలుగా అడిగారు. పెళ్ళికని పదిహేను రోజులు అడిగితే నోరెత్తకుండా ఇస్తారు. నోరు మూసుకుని కూర్చుంటానంటే మాత్రం అనుమానం.

చేరగానే ఫోను, పుస్తకాలు, పెన్నుతో సహా అప్పగించాలి. తెల్లవారుజామున నాలుగింటికి గంట కొడతారు. నాలుగున్నర నుంచి ధ్యానం. ఆరున్నరకి టిఫిను, పదకొండుకి భోజనం, ఐదింటికి టీ, పళ్ళు, ఏడింటికి ఈ కోర్సుల్ని మొదలుపెట్టిన గోయెంకా గారి ప్రవచనం రికార్డింగు, తొమ్మిదిన్నరకి దీపాలు ఆర్పేస్తారు. మాటలు లేవు, సైగలు కూడా లేవు. మౌనం కష్టమని అందరూ భయపెడతారు గానీ, నిజానికి అదే అన్నిటికంటే సుఖం.

మొదటి మూడున్నర రోజులు ఆనాపాన, అంటే శ్వాసని గమనించడం. శ్వాసని మార్చకూడదు, లెక్కపెట్టకూడదు, మంత్రం జోడించకూడదు. ముక్కు దగ్గర గాలి వచ్చిపోవడం తెలుసుకోవాలి. మూడో రోజుకి ఆ చోటు పైపెదవి మీదున్న చిన్న జాగాకి కుదించుకుపోతుంది. ప్రాణాయామం అలవాటున్న వాళ్ళే ఇక్కడ ఎక్కువ అవస్థ పడతారు, శ్వాసని నడిపించకుండా ఉండలేరు కాబట్టి. నాలుగో రోజు మధ్యాహ్నం అసలు విపశ్యన నేర్పిస్తారు. తల నుంచి కాళ్ళ దాకా ఒక్కో భాగంలో తెలిసే స్పర్శని మనసుతో చూసుకుంటూ వెళ్ళడం అన్నమాట.

ఆ తర్వాత వస్తుంది అధిష్ఠానం, అంటే కదలనని గట్టిగా అనుకుని కూర్చోవడం. పొద్దున ఎనిమిదింటికి, మధ్యాహ్నం రెండున్నరకి, సాయంత్రం ఆరింటికి, ఒక్కోటి ఒక్కో గంట. కళ్ళు తెరవకూడదు, చేతులు కాళ్ళు కదపకూడదు.

ముందు కూర్చునే పద్ధతి చెబుతా, అక్కడ ఇది ఎవరూ సరిగ్గా చెప్పరు. పద్మాసనం వద్దు. రెండు పాదాలూ నేలమీదే ఉండేలా ఒకదాని ముందు ఒకటి పెట్టుకోండి. కింద దిండు ఎత్తు చాలకపోతే మోకాళ్ళు పైకి లేస్తాయి, నడుము వెనక్కి వంగుతుంది, బరువంతా వెన్ను కింది భాగం మోస్తుంది. మోకాళ్ళు నేలకి దిగేంత ఎత్తు ఉండాలి. ఒక మోకాలు అప్పటికీ గాల్లో ఉంటే దాని కింద చిన్న దిండు తొయ్యండి. అలాగని దిండు మీద దిండు పేర్చారో, ముందుకు జారి చీలమండలు నలుగుతాయి. ఐదో రోజుకి హాల్లో కొందరి చుట్టూ దిండ్ల కోటలు లేచాయి. కోట కట్టినవాళ్ళే ఎక్కువ మూలిగారు.

తిమ్మిరికి భయపడక్కర్లేదు. నరం మీద ఒత్తిడి పడితే వస్తుంది, కాలు చాపితే పోతుంది. కానీ గంట అవగానే దిగ్గున లేవకండి, పాదం స్వాధీనంలో ఉండదు, మడత పడుతుంది. మోకాలి కీలు లోపల గుచ్చినట్టు వచ్చే నొప్పి వేరు. లేచి నడిచిన కాసేపట్లో పోయేది కూర్చున్నందుకు వచ్చిన నొప్పి. నడిచినా పోకపోతే ఓర్చుకోవడం గొప్ప కాదు, కుర్చీ అడగండి. పాత మోకాలి దెబ్బ ఉంటే చేరిన రోజే అడగండి. కుర్చీలో కూర్చున్న వాళ్ళకీ అదే ధ్యానం.

మధ్యాహ్నం పన్నెండు తర్వాత ఆచార్యుల్ని కలవొచ్చు. నొప్పి తగ్గాలంటే ఏం చెయ్యాలని అడిగాను. "తగ్గించుకోడానికి వచ్చారా, చూడ్డానికి వచ్చారా?" అన్నారు, వరసలో ఉన్న వాళ్ళందరి ముందూ. పక్కనే డెబ్బై దాటిన పెద్దాయన, విగ్రహంలా కూర్చునే మనిషి. తల కొట్టేసినట్టయింది. ఆ జవాబు తప్పని ఇప్పటికీ అనను గానీ, దిండు ఎత్తు గురించి ఒక్క ముక్క చెబితే వాళ్ళ సొమ్మేం పోయింది? ఆచార్యుల్ని అడగాల్సిన ప్రశ్నలు వేరే ఉన్నాయి. ఉదాహరణకి, ఒక భాగంలో ఏ స్పర్శా తెలియకపోతే ఎంతసేపు ఆగాలి? ఒక నిమిషం ఆగి ముందుకి సాగాలి. ఇలాంటి వాటికి సూటిగా చెబుతారు.

ఆ గంటలో మొదటి ఇరవై నిమిషాలు ఎవరైనా కూర్చుంటారు. ఆ తర్వాత నొప్పి కంటే "ఇంకా ఎంతసేపు" అన్న మాటే ఎక్కువ బాధ పెడుతుంది. చివర్లో రికార్డింగులో గోయెంకా గారి గొంతు వినిపిస్తుంది, దానికోసం చెవులు రిక్కించుకుని ఉంటాం. అందాకా దేన్నీ గమనించం.

అసలు విషయం మోకాలి దగ్గర దొరకదు, దురద దగ్గర దొరుకుతుంది. ముక్కు పక్కన చిన్న దురద. మామూలప్పుడు చెయ్యి పైకి వెళ్ళాక గానీ దురద పుట్టినట్టే తెలియదు. ఇక్కడ చెయ్యి ఎత్తకూడదు కాబట్టి మధ్యలో జరిగేదంతా బయటపడుతుంది. ముందు దురద. తర్వాత భుజంలో సన్నటి బిగువు. తర్వాత "ఒక్కసారి గోక్కుంటే ఏమవుతుందిలే" అనే మాట. ఆ తర్వాత కదా చెయ్యి లేచేది. గోకకుండా చూస్తూ ఉంటే అది పెరిగి, గుచ్చి, కాసేపటికి మాయమవుతుంది. కోపంగా మెసేజి కొట్టేటప్పుడూ, ఊరికే ఫోను తెరిచేటప్పుడూ నడిచేది ఇదే వరస. వారాంతంలో స్టార్ హోటల్లో కూర్చోబెట్టి ఎరుక నేర్పిస్తామనే వర్క్‌షాపుల్లో స్లైడ్లు చూపిస్తారు, ఈ భుజం బిగువు చూపించరు. వాటికి వేలకి వేలు ఫీజు.

కొందరికి స్పర్శ ఒళ్ళంతా సన్నటి ప్రవాహంలా తెలుస్తుంది. అది వచ్చిందని మురిసిపోతే మర్నాడు అదే కావాలని వెతుకుతూ కూర్చుంటారు, గంటలన్నీ వృథా.

భోజనం దగ్గర కూడా చూసుకోండి. నోట్లో ముద్ద ఉండగానే వేళ్ళు తర్వాతి ముద్ద కలిపేస్తుంటాయి. మింగేదాకా చేతిని పళ్ళెంలో ఊరికే ఉంచి చూడండి. అదీ కష్టమే.

పదో రోజు పొద్దున మౌనం వదిలేస్తారు. హాలు బయట ఒక్కసారిగా పెళ్ళి విడిదిలా గోల. ఇంటికెళ్ళాక రోజూ పొద్దునొక గంట, సాయంత్రమొక గంట కూర్చోమంటారు. నాకు తెలిసి చాలామందికి కుదరదు. నేనైతే పొద్దున అరగంట, దానికి తోడు రోజులో ఒక పని ఎంచుకున్నాను: గ్యాస్ కట్టేసేటప్పుడు నాబ్ మీద చెయ్యి ఉండగానే ఆగి చూడటం. సగం వీధి దాటాక "కట్టేశానా?" అని వెనక్కి పరిగెత్తే వాళ్ళు ఇదొక్కటి చేసినా చాలు.

రెండోసారి వెళ్ళేవాళ్ళకి సాయంత్రం పళ్ళు కూడా ఉండవు, నిమ్మకాయ నీళ్ళే. కాబట్టి పదకొండింటి భోజనం దగ్గర మొహమాటపడకండి.