బల్లార్షాలో నవంబరు ఆదివారం

మంచిర్యాలలో ఎక్కిన బండి మాకుడి దాటి మహారాష్ట్రలోకి వచ్చాక స్టేషన్ బోర్డుల మీద తెలుగు పోయింది. పెట్టెలో మాటలు మాత్రం తెలుగే. కాజీపేట నుంచి ఈ లైను 1929లో పూర్తయింది. కరీంనగర్ పల్లెల నుంచి బాయిపనికి, అంటే బొగ్గు గని పనికి, వలసొచ్చిన వాళ్లలో చాలామంది ఈ పట్టాల మీదే వచ్చారు, మా బాబాయితో సహా. వార్ధా వంతెన రాగానే పిన్నికి ఫోన్ చేశాను. "చర్చికే రా, ఇంటికి తాళం" అంది.

కాలనీ చివర చిన్న తెలుగు చర్చి. సగం క్వార్టర్లకు తలుపులే లేవు. భూగర్భ బాయి మూతపడ్డాక కొందరికి ఓపెన్ కాస్టుకు, అంటే పైనుంచి తవ్వే గనికి, ట్రాన్స్‌ఫర్ వచ్చింది, మిగతావాళ్లు రిటైరయ్యారు. ఒకప్పుడు నైట్ షిఫ్టు దిగినవాళ్లు స్నానం చేసి నేరుగా ఆరాధనకు వచ్చి, వెనక వరుసలో కునికిపాట్లు పడేవాళ్లట. ఇప్పుడు ఆ వరుసలో పిల్లలున్నారు. మరాఠీ బడిలో చదివేవాళ్లు కదా, తెలుగు పాటల్ని దేవనాగరిలో రాసుకుని పాడుతున్నారు. ఉచ్చారణ మాత్రం నా కంటే నయం.

ఆ రోజు కోత పండుగ. ఆరాధన అయ్యాక, చర్చికి కానుకగా వచ్చిన పంటకు వేలం. ఒక గుమ్మడికాయను 80 రూపాయలకు పాడుకున్నాయన తిరిగి చర్చికే ఇచ్చేశాడు. మళ్లీ వేలం. మూడోసారి నేను ఇరుక్కున్నాను, 150కి. జీతాల రోజుల్లో ఇదే కాయ వెయ్యి దాకా పోయేదని పిన్ని నా చెవిలో చెప్పింది. పిన్ని లెక్కల్లో సగం తీసేయాలి, అయినా ఎక్కువే.

తర్వాత ఎవరూ లేవలేదు. వరండాలో పాస్టరు అయ్యగారి కొడుకు బల్ల వేసి, ల్యాప్‌టాప్, వేలిముద్రల మిషన్ పెట్టాడు. బొగ్గు పెన్షన్ ఆగకూడదంటే ఏటా నవంబరులో బతికే ఉన్నట్టు పత్రం ఇవ్వాలి. 1998 పథకం కింద వచ్చే ఆ పెన్షన్ ధరలతో పాటు పెరగదు, అయినా అదీ లేకపోతే చాలా ఇళ్లలో పొయ్యి వెలగదు. ఆఫీసుల చుట్టూ ఆటో ఖర్చు మిగులుతుందని అయ్యగారు ఈ పని ఇక్కడే పెట్టించారు. చర్చికి రాని వాళ్లు, హిందువులు, ముస్లింలు కూడా వరసలో ఉన్నారు.

ఒక తాత వేలు పెట్టాడు. ఎర్ర లైటు. తడిగుడ్డతో తుడిచి మళ్లీ పెట్టాడు. ఎర్ర లైటే. ఆ వేళ్లు దగ్గర్నుంచి చూశాను. బొగ్గు ఎత్తే తట్టా, చెమ్మస్ పారా పట్టి పట్టి గీతలు అరిగి, కొసలు నున్నగా అయిపోయాయి. గోటి మొదట్లో చర్మంలోకి దిగిన నల్లచుక్క ఒకటి మాత్రం అలాగే ఉంది.

"ఇంత పని చేసిన చెయ్యి, నాది కాదంటదా?" అన్నాడు.

అబ్బాయి మొబైల్ తీసి మొహానికి ఎదురుగా పట్టాడు. "కళ్లు ఆర్పు తాతా."

తాత గట్టిగా కళ్లు మూశాడు. తెరవలేదు.

"అట్ల కాదు, మూసి తెరువు!"

నాలుగోసారికి పచ్చ టిక్కు పడింది. వరసంతా చప్పట్లు. తాత లేచి, కర్ర కోసం తడుముకుంటూ నా గుమ్మడికాయ వైపు చూశాడు. "ఎంతకు పాడినవ్ బిడ్డా?" అని అడిగి, చెప్పగానే "మోసపోయినవ్" అని నవ్వాడు.