వద్దన్న మామ్మగారు

బుధవారం, గుంటూరు

షుగరు ఉన్నవాళ్ళ కిడ్నీల మీద మా ఆస్పత్రిలో జరుగుతున్న స్టడీకి ఇవాళ కూడా పెద్దవయసు వాళ్ళు వద్దనే అన్నారు. కొత్తపేటలో ఓపీ రోజు ఎలా ఉంటుందో తెలిసిందే. టోకెన్ల గోల, వరండా నిండా జనం. ఆ హడావుడిలో ఎవరు కాదన్నా పేరు పక్కన టిక్కు పెట్టి ముందుకెళ్ళిపోవడమే. పొన్నూరు వైపు నుంచి వచ్చిన ఒక మామ్మగారి మాటలు మాత్రం ఇంకా మనసులో తిరుగుతున్నాయి.

ఆవిడకి డెబ్బై దాటాయి. సమాచార పత్రం మొత్తం తెలుగులో చదివి వినిపించాను. మధ్యమధ్యలో ఆపి అడిగారు. నా మందులు మారుస్తారా? వద్దంటే డాక్టరుగారు నన్ను చూడరా? మందులు మారవనీ, వైద్యం ఎప్పటిలాగే జరుగుతుందనీ చెప్పాను. అంతా విని, "నాకొద్దమ్మాయ్" అన్నారు.

కొడుకు ఊరుకోలేదు. "వేలిముద్ర పెట్టమ్మా, టెస్టులు ఫ్రీ అంట" అంటూ ఇంకుప్యాడ్ ఆవిడ ముందుకు జరిపాడు. నేను పక్కకు తీసేశాను. మనిషి తెలివిలో ఉండి, తన మాట తాను చెప్పగలిగితే ఆ నిర్ణయం ఆ మనిషిదే. కన్నకొడుకైనా సరే ఆవిడ బదులు ఒప్పుకోవడానికి లేదు. చదువురాని వాళ్ళు వేలిముద్ర వేసేటప్పుడు స్టడీతో సంబంధం లేని సాక్షి ఉండాలన్న నియమం పెట్టింది కూడా ఇందుకే. 2009లో, అప్పటి మన ఉమ్మడి రాష్ట్రంలోని ఖమ్మం జిల్లాలో ఒక పరిశోధన ప్రాజెక్టు కింద ఆడపిల్లలకు హెచ్‌పీవీ టీకా (గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసేది) వేసినప్పుడు చాలా ఫారాల మీద తల్లిదండ్రుల బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టారు. 2010లో ఆ కార్యక్రమం ఆగిపోయింది. అలాంటివి పేపర్లో చదివినవాళ్ళు పరిశోధన అనగానే జంకితే, అది వాళ్ళ అమాయకత్వం అని నేను అనలేను.

కారణం చెప్పాల్సిన అవసరం ఆవిడకి లేదు, నేను అడగలేదు కూడా. వెళ్తూ వెళ్తూ ఆవిడే అన్నారు: "పరగడుపున రమ్మంటే తెల్లారుజామునే బస్సెక్కాలి. దార్లో షుగరు పడిపోతే ఎవరు చూస్తారు? నాతో వస్తే వీడికి ఆరోజు కూలి పోద్ది."

ఇందులో తీసేయదగ్గ మాట ఒక్కటైనా ఉందా? షుగరు మందులు వాడే పెద్దవాళ్ళు ఖాళీ కడుపుతో ప్రయాణం చేస్తే షుగరు పడిపోయే ప్రమాదం నిజమైనదే. ఆవిడ వద్దన్నది పరిశోధనని కాదు, ఆ ప్రయాణాన్ని. రేపు రిపోర్టులో మాత్రం "నిరాకరించినవారు" అనే అంకెలో ఆవిడ ఒకరిగా మిగిలిపోతారు.

నా బాధంతా అక్కడే. వయసుతో కిడ్నీల పని మందగిస్తుంది, కొన్ని మందులు ఒంట్లో ఎక్కువసేపు ఉండిపోతాయి. బీపీ, షుగరు, గుండె, మోకాళ్ళు అన్నిటికీ కలిపి గుప్పెడు మాత్రలు మింగేది వీళ్ళే. అయినా చాలా పరిశోధనల్లో వయసు పరిమితి పెట్టో, వేరే జబ్బులు ఉన్నాయనో వీళ్ళని ముందే పక్కన పెట్టేస్తారు. మిగిలినవాళ్ళని బస్సు ఛార్జీలు, పరగడుపు ఆపేస్తాయి. చివరికి కాస్త ఓపికున్న వాళ్ళ మీద తేలిన ఫలితాన్నే వీళ్ళకీ వాడతాం.

రాత్రి ప్రోటోకాల్, అంటే స్టడీ ఎలా చేయాలో రాసుకున్న పత్రం, మళ్ళీ తీసి చదివాను. మాకు ముఖ్యంగా కావాల్సింది కిడ్నీల పని తెలిపే క్రియాటినిన్, రెండు మూడు నెలల సగటు షుగరు తెలిపే హెచ్‌బీఏ1సీ. ఈ రెండింటికీ పరగడుపున రావాల్సిన పని లేదు. టిఫిన్ తిని, మామూలు చెకప్‌కి వచ్చిన రోజే రక్తం ఇచ్చి వెళ్ళొచ్చు. తోడు వచ్చినవాళ్ళకి కూడా ఛార్జీలు ఇవ్వొచ్చు. రేపు స్టడీ నడిపే సార్‌తో ఈ రెండూ మాట్లాడాలి. మార్పు ఏదైనా, పరిశోధనలో పాల్గొనేవాళ్ళ క్షేమం చూసే ఎథిక్స్ కమిటీ ఒప్పుకున్నాకే అమలు చేయాలి కాబట్టి ఆ కాగితాలు నేనే తయారుచేస్తానని చెబుతాను. మామ్మగారికి మాత్రం మళ్ళీ ఫోన్ చెయ్యను. ఆవిడ తన జవాబు చెప్పేశారు. ఆ మార్పులు ఇకమీదట వచ్చేవాళ్ళ కోసం.