పైప్ గ్యాస్ కనెక్షన్, నా అనుభవం: మే నెల ఎండలో ప్రెజర్ టెస్ట్ పెట్టనివ్వకండి

విజయవాడ పటమటలో పాత అపార్ట్‌మెంటుకి రిపేర్లు చేస్తూ, ఆ పనితోపాటే పైప్ గ్యాస్ కూడా వేయించాం. నిన్ననే ఆఖరి ఫ్లాటులో పొయ్యి వెలిగింది. సివిల్ పని మాది, గ్యాస్ పైపులు కంపెనీ పంపిన సబ్ కాంట్రాక్టరువి. తగాదాలన్నీ ఈ రెండు పనులూ కలిసే చోటే పుడతాయి. ఇల్లు బాగు చేయిస్తూ గ్యాస్ లైను వేయించుకునేవాళ్లు ముందుగా తెలుసుకోవలసినవి రాస్తున్నాను.

కాగితాలు తేలికే. ఇంటి పన్ను రసీదు, కరెంటు బిల్లు, ఆధార్, అద్దెకుంటే ఓనరు అంగీకార పత్రం. అపార్ట్‌మెంటుకి అసోసియేషన్ తీర్మానం కూడా కావాలి. తీర్మానం దగ్గర ప్రతిచోటా వచ్చే ప్రశ్న ఒకటే: "కోనసీమలో పేలింది ఇదే కదండీ?" 2014 జూన్ 27న కోనసీమలోని నగరం అనే ఊళ్లో పేలి ఇరవై మందికి పైగా ప్రాణాలు తీసింది 18 అంగుళాల ట్రంకు లైను, అంటే ఊళ్లు దాటి గ్యాస్ మోసే పెద్ద పైపు. మన వంటింట్లోకి వచ్చే గ్యాస్ 21 మిల్లీబార్ల ఒత్తిడిలో, అంటే సిలిండర్ రెగ్యులేటర్ ఇచ్చేదానికన్నా తక్కువలో వస్తుంది. వీధిలో 4 బార్లు (బారు అంటే వెయ్యి మిల్లీబార్లు), బిల్డింగు గోడ దగ్గర రెగ్యులేటర్ దాటాక 100 మిల్లీబార్లు, మీటరు దగ్గర 21. ఈ మూడు అంకెలూ చెబితే భయం చాలావరకు తగ్గుతుంది.

వీధిలో వేసేది పాలిథిలీన్ పైపు. దాని మీద కనీసం మీటరు మట్టి ఉండాలి, మధ్యలో హెచ్చరిక టేపు పరవాలి. గొయ్యి పూడ్చకముందే కాంపౌండు గోడ నుంచి కొలత టేపు పట్టి, కొలత కనబడేలా ఫొటో తీసి అసోసియేషన్ ఫైలులో పెట్టండి. రేపు బోరు వేసేవాడికీ, డ్రైనేజీ తవ్వేవాడికీ అదే ఆధారం.

వంటగదిలో క్రమం తప్పకూడదు. ముందు పైపు దారి, తర్వాత టైల్స్, చివర్లో కబోర్డులు. గోడ దాటే ప్రతిచోటా స్లీవ్ (పైపు చుట్టూ తొడుగు గొట్టం) వేసి, సందు పూడ్చాలి. కరెంటు వైర్లకు, స్విచ్ బోర్డుకు అడుగు దూరం ఉంచాలి. జీఐ పైపును (జింకు పూత ఇనుప పైపు) గోడలో కప్పకూడదు, ఫాల్స్ సీలింగ్ పైన అసలు పోనివ్వకూడదు. సిలిండర్ గ్యాస్ గాలికన్నా బరువు, కిందకు దిగి నేల మీద పరుచుకుంటుంది. పైపులో వచ్చేది ముఖ్యంగా మీథేన్, అది గాలికన్నా తేలిక, లీకైతే సీలింగ్ లోపలికే చేరుతుంది. అందుకే వెంటిలేటరు పైన ఉండాలి. అందం కోసం మీటరును తలుపుల బీరువాలో బిగించమనే ఇంటీరియర్ వాళ్ల మాట వినకండి. తనిఖీ రోజు వాళ్లు అక్కడ ఉండరు, తలుపులు పీకించుకునేది మీరే. తప్పదంటే పైనా కిందా గాలి ఆడే జాలీ తలుపు పెట్టించండి.

ఇక ప్రెజర్ టెస్ట్, అంటే గ్యాస్ వదలకముందు పైపులో గాలి నింపి లీకుందేమో చూడడం. నన్ను నలుగురిలో దోషిగా నిలబెట్టింది ఇదే.

రైజర్ పైపు, అంటే కింద నుంచి పై అంతస్తులకు వెళ్లే నిలువు పైపు, పడమటి గోడ మీద ఉంది. మధ్యాహ్నం మూడింటికి గాలి నింపి, గేజి 150 మిల్లీబార్ల దగ్గర ఆపి, వాల్వు కట్టేశారు. సాయంత్రం ఆరున్నరకి చూస్తే 100. గ్యాస్ సబ్ కాంట్రాక్టరు సూపర్‌వైజరు అసోసియేషన్ వాళ్లందరి ముందూ తేల్చేశాడు: "మీ కోర్ కటింగ్ మేస్త్రీ పైపు కదిపాడండీ, జాయింట్లన్నీ విప్పి మళ్లీ వేయాలి, ఖర్చు మీదే." గోడలకు రంధ్రాలు కోసిన, ఇరవై ఏళ్లుగా నా దగ్గర చేస్తున్న మేస్త్రీని ఒక గేజి చూసి దొంగలా నిలదీశారు. సబ్బు నీళ్లు పూస్తే ఎక్కడా ఒక్క బుడగ రాలేదు, అయినా ఒప్పుకోలేదు.

కారణం ఎండ. మూసిన పైపులో గాలి చల్లబడితే ఒత్తిడి పడిపోతుంది. లెక్క కట్టేటప్పుడు గేజి చూపే అంకెకు వాతావరణ పీడనం కలపాలి. 150కి 1013 కలిపితే 1163. దాన్ని కెల్విన్‌లో ఉన్న ఉష్ణోగ్రతతో (మామూలు డిగ్రీలకు 273 కలిపితే వచ్చేది), అంటే సుమారు 320తో భాగిస్తే, ఒక్క డిగ్రీ చల్లబడినప్పుడల్లా మూడున్నర మిల్లీబార్లకు పైగా దిగుతుందని తేలుతుంది. టెంపరేచర్ గన్‌తో చూస్తే మూడింటికి పైపు 51 డిగ్రీలు, ఆరున్నరకి 37. పద్నాలుగు డిగ్రీలకు యాభై మిల్లీబార్లు. లెక్క అక్కడికక్కడే సరిపోయింది.

కాగితం మీద లెక్క చూపిస్తే ఆయన నవ్వాడు. అందుకే గేజి విప్పనివ్వకుండా రాత్రంతా అలాగే ఉంచాను. తెల్లవారుజామున పైపు 29 డిగ్రీలు, గేజి 70. "ఇంకా కారుతోంది చూడండి" అన్నాడు. మళ్లీ మధ్యాహ్నం ఎండ గోడ మీదికి వచ్చేసరికి ముల్లు తనంతట తనే పైకెక్కి 150 దగ్గరికి చేరింది. బయటికి పోయిన గాలి తిరిగి పైపులోకి రాదు. ఆ తర్వాత ఎవరూ మాట్లాడలేదు. మా మేస్త్రీ పని పక్కన వాళ్లు వేసిన ఒక్క జాయింటూ కదలలేదని అందరూ చూశారు.

కాబట్టి టెస్ట్ సూర్యోదయానికి ముందు పెట్టమనండి. గాలి కొట్టగానే పైపు లోపల కాస్త వేడెక్కుతుంది, అరగంట ఆగి అప్పుడు అంకె రాయాలి. మొదట్లోనూ చివర్లోనూ పైపు ఉష్ణోగ్రత పక్కనే రాయించండి. గేజి కూడా చూడండి: పది బార్ల గేజి మీద 150 మిల్లీబార్లు సరిగా చదవలేం, 250 మిల్లీబార్ల వరకు చూపేది తెమ్మనండి. నిజంగా లీకుంటే ఉష్ణోగ్రత నిలిచినా ముల్లు దిగుతూనే పోతుంది. అప్పుడు మొదట వెతకవలసింది గేజి బిగించిన మర దగ్గర, తర్వాత యూనియన్లు (విప్పదగ్గ జాయింట్లు), వాల్వులు. అగ్గిపుల్ల గీసి వెతికేవాడు ఎంత అనుభవజ్ఞుడైనా సైటు బయటికి పంపండి.

గ్యాస్ వదిలాక మిగిలేది పొయ్యి. ఘనపు మీటరుకి ఈ గ్యాస్ ఇచ్చే వేడి సిలిండర్ గ్యాస్‌లో సగానికన్నా తక్కువ, పైగా ఒత్తిడీ తక్కువ. అందుకే జెట్టు, అంటే బర్నరులోకి గ్యాస్ వదిలే చిన్న ముక్క, దాని రంధ్రం పెద్దది కావాలి. పాత జెట్టుతో మంట చిన్నగా వస్తుంది. మార్చిన పొయ్యిని మళ్లీ సిలిండర్‌కు తగిలిస్తే మంట పసుపుగా ఎగసి గిన్నెలు మసిబారతాయి, అది ప్రమాదం. ఊరికి పంపే పొయ్యి అయితే జెట్లు మార్పించి పంపండి. హోస్ పైపు లోపల తీగ అల్లిక ఉన్న ఐఎస్ఐ రకమే తీసుకోండి.

మామూలు ఇంటి మీటరు గంటకు 2.5 ఘనపు మీటర్ల వరకు ఇస్తుంది, పొయ్యికీ చిన్న గీజరుకీ సరిపోతుంది. గీజరును మాత్రం బాత్‌రూం లోపల పెట్టవద్దు, పొగ గొట్టం బయటికి తీయాలి. 14.2 కిలోల సిలిండర్ ఇచ్చే వేడికి పైపు గ్యాస్ దాదాపు 18 యూనిట్లు (యూనిట్ అంటే ఒక ఘనపు మీటరు), బిల్లు ఆ లెక్కన పోల్చుకోండి. సిలిండర్ సరెండర్ చేసేటప్పుడు డిపాజిట్ వోచరు వెతికి తీసుకెళ్లండి, కనెక్షన్ రద్దయిందనే టెర్మినేషన్ వోచరు చేతికి వచ్చాకే ఏజెన్సీ నుంచి కదలండి.