దుప్పి కొమ్ము పిడి కత్తి: ఆకురాయిని నమ్మి మోసపోయాను

నిన్న రాత్రి కత్తికి పిడి ఎక్కించాను. వేళ్లకి ఎపాక్సీ జిగురు ఇంకా వదల్లేదు. మొత్తం నాలుగు వారాలు పట్టింది, అందులో రెండున్నర వారాలు నా తెలివితక్కువతనానికే పోయాయి.

స్టీలు 1084 రకం. కార్బన్ 0.84 శాతం దాకా ఉంటుంది, కొత్తవాళ్ల తప్పుల్ని భరిస్తుందని పేరు. సుత్తి పని గురించి పెద్దగా చెప్పేదేం లేదు. నారింజ రంగులో ఉండగా కొట్టాలి, ఎరుపు మందగించగానే మళ్లీ కొలిమిలో పెట్టాలి. రెండు సాయంత్రాల్లో అలుగు (కోసే భాగం), పిడిలోకి దూరే కాడ వచ్చేశాయి. మొన దగ్గర ఒంపు మాత్రం మొదటి దెబ్బకే కుదిరింది, అది చెప్పుకోకుండా ఉండలేను.

తిప్పలన్నీ అలుగు గట్టిపడడానికి కాల్చి నూనెలో ముంచే దగ్గరే మొదలయ్యాయి. అయస్కాంతం అంటుకోవడం మానేస్తే 770 డిగ్రీల సెల్సియస్ దాటినట్టు. ఈ స్టీలుకి 815 దాకా కావాలి కాబట్టి ఇంకాస్త కాలనిచ్చి, ముందే వెచ్చబెట్టిన నూనెలో ముంచాను. చల్లారాక ఆకురాయితో గీశాను. అలుగు గట్టిపడి ఉంటే ఆకురాయి గాజు మీద గీసినట్టు జారిపోవాలి. నాకు జారలేదు. కరకరమంటూ పట్టుకుంది, పొడి కూడా రాలింది.

వేడి చాల్లేదేమో అనుకుని రెండోసారి ఇంకా ఎక్కువ కాల్చి ముంచాను. మళ్లీ కరకర. ఆ రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదు. మూడోసారి పంతం కొద్దీ పసుపు రంగు తిరిగేదాకా కాల్చాను. నూనెలోంచి 'టింగ్' అని చిన్న చప్పుడు వచ్చింది. బయటికి తీసి తుడిస్తే అంచు నుంచి అలుగు సగందాకా వెంట్రుక మందాన గీత.

దాన్ని పట్టుకుని ఒక పెద్దాయన దగ్గరికి వెళ్లాను. జీవితమంతా కొలిమి దగ్గరే గడిపిన మనిషి. ఏమీ అనకుండా పగులు దగ్గర వైస్‌లో బిగించి ఒక్క దెబ్బ వేశారు. అలుగు రెండు ముక్కలైంది. విరిగిన చోట ఉప్పురవ్వలా గరుకుగా మెరుస్తోంది. "ఇది కాల్చి కాల్చి చేసింది" అన్నారు. తర్వాత ముక్క అంచుని రాయి మీద నాలుగుసార్లు రుద్ది, నా ఆకురాయే తీసుకుని గీశారు. జర్రున జారిపోయింది.

"మొదటిసారే అయిపోయుంటుంది తమ్ముడూ. కొలిమిలో పైపొర కార్బన్ పోయి మెత్తబడుతుంది. తోలు తీసి చూడాలి కదా."

అక్కడ పని నేర్చుకుంటున్న ఇద్దరు కుర్రాళ్లు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. నవ్వుతున్నారని భుజాలు చూస్తే తెలిసిపోయింది. నేను చూసిన వీడియోల్లో ప్రతివాడూ ఆకురాయి జారడం చూపించాడు, పైపొర తీయమని ఒక్కడూ చెప్పలేదు. మీరు మాత్రం ముందు రెండు గీతలు గట్టిగా గీసి, ఆ కింద లోహం ఏమంటోందో చూడండి.

రెండో అలుగు ఒక్క ముంచుతోనే గట్టిపడింది. ఆలస్యం చేయకుండా, పెళుసుతనం తగ్గడానికి ఓవెన్‌లో 200 డిగ్రీల దగ్గర రెండు గంటల చొప్పున రెండుసార్లు పెట్టాను. లేత గడ్డి రంగు తిరిగింది.

కొమ్ము సంగతికొస్తే, కొనే ముందు మీరున్న దేశంలో చట్టం చూసుకోండి. దానంతటది రాలిన కొమ్మైనా కొన్ని చోట్ల ఉంచుకోవడం నేరమే. కొమ్ము లోపల స్పాంజిలా బోలుగా ఉంటుంది, రంధ్రం సులువుగానే పడుతుంది. కాడకి సరిపోయేలా చేయాలంటే అసలు కాడని కాల్చొద్దు, అలుగు మెత్తబడిపోతుంది. అదే ఆకారంలో వేరే ఇనుప ముక్క చేసుకుని, ఎర్రగా కాల్చి కొమ్ము రంధ్రంలోకి దించాను. జుట్టు కాలిన కంపు రెండు రోజులు చొక్కాకి వదల్లేదు. మాస్క్ లేకుండా ఈ పని, కొమ్ము అరగదీసే పని అస్సలు చేయొద్దు, ఆ పొడి ఊపిరితిత్తులకి మంచిది కాదు.

అలుగుకీ పిడికీ మధ్య వచ్చే ఇత్తడి గార్డు గాడిని ఆకురాయితోనే అరగదీశాను. ఈసారి అది నిజాయితీగానే పనిచేసింది.

కొమ్ము ఒంపు వల్ల పిడి కొంచెం ఎడమకి వాలినట్టుంది. చేతిలో పట్టుకుంటే తెలియదు, బల్ల మీద పెడితే తెలుస్తుంది. అందుకే బల్ల మీద పెట్టడం లేదు. ఒర కుట్టేదాకా పాత జీన్స్ గుడ్డలో చుట్టి ఉంచాను.