పర్లాకిమిడి బీరపాదు మీద పాముపొడ

కార్తీకం చివర్లో పర్లాకిమిడిలో ఉండే మా పెద్దమ్మ వాళ్ళింటికి వెళ్ళాం. పాతపట్నం దాటగానే ఒడిశా, కానీ బజార్లో సగం మాటలు తెలుగే కాబట్టి వేరే రాష్ట్రానికి వచ్చినట్టే అనిపించదు.

వెళ్ళింది మహేంద్రగిరి చూద్దామని, మొదటి రోజంతా మాత్రం పెరట్లోనే అయిపోయింది. బీరపాదుకి తెగులొచ్చిందని, మందు కొట్టించాలని పెద్దమ్మకి ఒకటే టెన్షన్. ఒక ఆకు తెంపి ఎండకి ఎత్తిపట్టి చూశాను. దారప్పోగంత సన్నగా మొదలైన తెల్లగీత వంకర్లు తిరిగి తిరిగి చివరికి వెడల్పయింది, లోపలి పురుగు ఎదిగేకొద్దీ దాని దారీ వెడల్పవుతుంది మరి. పాము పాకినట్టుండే ఈ గీతల్నే పాముపొడ అంటారు. అందులో నల్లటి మలం చుక్కలు కాసేపు ఈ అంచున, కాసేపు ఆ అంచున ఉన్నాయి. వెడల్పు కొసని గుండుసూదితో చీలిస్తే నూకంత పసుపు పురుగు బయటపడింది. కాళ్ళు లేవు, తల లేదు, భూతద్దంలో నోటి దగ్గర నల్లటి కొక్కెం ఒక్కటే కనిపించింది.

"తెగులు కాదు పెద్దమ్మా, ఇది ఈగ పిల్ల."

"ఈగేటే, ఆకులోనా!"

పక్కనే నిమ్మచెట్టు. దాని ఆకుల్లోనూ గీతలే, కానీ వెండిలా మెరుస్తూ, మలం నడిమధ్య ఒకే చారగా ఉంది, పురుగు ఆకు అంచు మడిచి అందులోనే గూడు కట్టుకుంది. ఇది దీపం చుట్టూ తిరిగే రెక్కల పురుగు జాతి. మర్నాడు 1501 మీటర్ల మహేంద్రగిరి దారిలో జీడిచెట్ల లేతాకుల మీద గీతలకి బదులు ఉబ్బిన బొబ్బలు కనిపించాయి. అదీ రెక్కల పురుగు పిల్లే, ముదిరితే ఎర్రబడుతుంది. బొబ్బలు చేసే ఈగలూ ఉన్నాయి, అందుకే ఆకారం ఒక్కటే చూసి తేల్చకూడదు, చీల్చి చూడాల్సిందే.

బీరపాదులోది లిరియోమైజా ట్రైఫోలీ అనే ఈగ అని నా అనుమానం. అమెరికా ఖండాల నుంచి 1990 ప్రాంతంలో మన దేశంలోకి వచ్చి టమాటా, చిక్కుడు, ఆముదం, బంతి దేన్నీ వదల్లేదు. ఎదిగిన ఈగ చేతికొస్తే కానీ జాతి తేలదు, అందుకని నాలుగు ఆకులు సీసాలో వేసి, అడుగున కాగితం పరిచి, మూతికి గుడ్డ కట్టి వచ్చాను.

పది రోజులకి పెద్దమ్మ ఫోటో పంపింది. వీపు మీద పసుపు మచ్చ ఉన్న బుల్లి ఈగలు రెండు. పక్కన ఇంకా చిన్నది, ఆకుపచ్చగా మెరుస్తోంది.

"మరి ఈ మూడోది ఏటే?"

కందిరీగ జాతి, ఈగ పిల్లని తిని పెరిగింది, మందు కొడితే ఇదీ చచ్చిపోతుంది అని చెప్పాను. మందు కొట్టించలేదు. దాన్ని మాత్రం తీసి బీరపాదులో వదిలేసిందట.