పత్తర్‌గట్టి నుంచి సంచెడు తెల్లముక్కలు

పొద్దున ఆరున్నరకి నల్గొండలో బస్సెక్కినప్పుడు నా దగ్గర రెండు సంచులున్నాయి. ఒకదాంట్లో నా బట్టలు, ఇంట్లోని కొన్ని రంగుముక్కలు, మలక్‌పేటలో ఉండే అక్కకి చింతకాయ తొక్కు. రెండోది ఖాళీది. ప్రయాణమంతా ఆ ఖాళీ సంచి కోసమే.

ఏడాదిగా ఒక అతుకుల బొంత కుడుతున్నాను. ఇరవై ఏళ్ళు జాకెట్లు కుడితే మిగిలిన ముక్కలన్నీ అందులోకే పోతున్నాయి. ఎరుపు, పసుపు, చిలకపచ్చ, వంకాయరంగు, వీటికి కొదవలేదు. కానీ అన్నీ పక్కపక్కన పరిస్తే జాతరలో నాలుగు మైకులు ఒకేసారి మోగినట్టుంది. మధ్యమధ్య తెలుపో, గంధం రంగో, లేత బూడిదో పడితే తప్ప ఏ రంగూ కంటికి ఆనదు. జాకెట్లు కుట్టే ఇంట్లో తెల్లముక్కలెక్కడ మిగులుతాయి? రెండు మీటర్ల తెల్ల పాప్లిన్ కొంటే తీరిపోయేదే. అయినా బొంత కోసం కొత్త బట్ట కొని ముక్కలు చెయ్యడానికి నాకు చెయ్యి రాదు. మా అమ్మ కుట్టిన బొంతల్లో అంగుళం కొత్త బట్ట ఉండేది కాదు. లోపల నాన్న పాత ధోవతులు నాలుగు పొరలు, పైన కట్టికట్టి మెత్తబడ్డ నూలు చీర, చుట్టూ ఆ చీర అంచే. తెల్లముక్కలు కావాలంటే లాల్చీలు కుట్టే చోటికి పోవాలి. అందుకే పాతబస్తీ.

ఎంజీబీఎస్‌లో దిగి నయాపూల్ మీదుగా మూసీ దాటాను. మదీనా చౌరస్తా తర్వాత పత్తర్‌గట్టి. వరసగా రాతి కమానులు, వాటికింద బట్టల దుకాణాలు, ఆ చివర చార్మినార్. ఎన్నిసార్లు చూసినా ఆగి చూడాలనిపించే వీధే కానీ, ఆ రోజు నా చూపంతా దర్జీల కాళ్ళదగ్గర నేలమీదే ఉంది. మొదటి ఇద్దరూ ఇవ్వలేదు. ముక్కలు అప్పుడే మూటకట్టి అమ్మేశామన్నారు.

మూడో కొట్టు సందులో ఉంది. ఒక మిషను, ఒక బల్ల, డెబ్బై ఏళ్ళుంటాయేమో, మెడలో టేపుతో ఒక పెద్దాయన. బల్లకింద బియ్యం బస్తా నిండా కటింగ్ ముక్కలు.

"చాచా, ఈ ముక్కలు నాకిస్తారా?"

"పారేసేటివే అమ్మా. ఏం జేస్తవ్?"

నమూనాకని తెచ్చిన ఒక చదరం తీసి చూపించాను. కళ్ళజోడు పైకి జరిపి, కుట్టుమీద వేలు పెట్టి నెమ్మదిగా నడిపారు. నాలుగు ముక్కలు కలిసే మూల దగ్గర వేలు ఆగింది. "ఈడ నూలుపోగంత జరిగింది" అన్నారు. నిజమే, జరిగింది. ఆ తప్పు ఇప్పటిదాకా నేను తప్ప ఎవరూ పట్టలేదు. నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను.

బస్తా ఆయనే బోర్లించారు. ఏది నూలో, ఏది కలిపిందో చేత్తో పట్టుకుంటే కొన్ని తెలుస్తాయి, కొన్ని తెలియవు. తెలియనివాటి నుంచి ఒక పోగు లాగి అగ్గిపుల్ల చూపించారు. ఒకటి కాగితంలా కాలి మెత్తటి బూడిదైంది, అది నూలు. ఇంకొకటి ముడుచుకుని కరిగి నల్లటి పూసలా గట్టిపడింది, పాలిస్టర్. ఈ రెంటినీ ఒకే బొంతలో కలిపితే తర్వాత తలనొప్పి. ఉతికితే నూలు కుంచించుకుంటుంది, పాలిస్టర్ కదలదు. నూలుకి సరిపోయే వేడితో ఇస్త్రీ చేస్తే పాలిస్టర్ ముడతలు పడుతుంది.

తెల్లవాటి మధ్య బెత్తెడు నీలం పోచంపల్లి ముక్క దొరికింది. తిప్పి చూశాను, రెండువైపులా ఒకటే రంగు. ఇక్కత్‌లో పోగుకే ముందు రంగు అద్ది తర్వాత నేస్తారు కాబట్టి దానికి తిరగేసిన వైపంటూ ఉండదు. పోచంపల్లి డిజైను పైన అచ్చేసిన బట్టయితే వెనకాల వెలవెలబోతుంది. ముక్కలతో కుట్టేవాళ్ళకి ఇది పెద్ద వరం, వంకరముక్కని ఎటు తిప్పైనా అతికించుకోవచ్చు.

డబ్బులివ్వబోతే చాచా తీసుకోలేదు. "నా మనవరాలికి తొట్లె కిందికి చిన్నది కుట్టిస్తవా?" అన్నారు. టేపుతో బల్లమీద కొలిచి చీటీ మీద 36 × 36 అని రాశారు. పైన వేయాల్సిన రంగులు కూడా ఆయనే నా సంచిలోంచి ఏరారు. అన్నీ చిలకపచ్చలే.

లాడ్ బజార్‌లో పెళ్ళి దుపట్టాల జరీ ముక్కలు ఊరించాయి కానీ వదిలేశాను. జరీ ఒంటికి గుచ్చుకుంటుంది, బొంత ఉతుకులకి ఆగదు.

రాత్రి అక్కవాళ్ళింట్లో హాలంతా పరిచాం. ముందు రంగు పరీక్ష. తడి తెల్లగుడ్డతో ప్రతి రంగుముక్కనీ గట్టిగా అదిమి చూడాలి. ఒకసారి ఒక కొట్టువాళ్ళు పక్కా రంగని చెప్పిన ఎర్రముక్క మొదటి ఉతుకులోనే బొంతంతా గులాబీ చేసేసింది. మూడు నెలల పని. ఉప్పునీళ్ళలో నానబెడితే ఆగుతుందంటారు, నాకైతే ఎప్పుడూ ఆగలేదు.

తర్వాత కొలతలవారీగా కుప్పలు. "ఇంత చిన్నవి కూడా ఎందుకే, పారెయ్" అంది అక్క, అంగుళంన్నర ముక్కలు చూపించి. దాని మాటలో కొంత నిజముంది. నాలుగువైపులా పావు అంగుళం కుట్టులోకి పోతుంది. రెండున్నర అంగుళాల చదరం కుట్టాక రెండంగుళాలు తేలుతుంది, బట్టలో మూడోవంతుకి కాస్త పైగా లోపలికి పోయినట్టు. అంగుళంన్నరది అంగుళమే తేలుతుంది, సగానికి పైగా పోయినట్టే. అందుకని బుల్లివాటిని చదరాలు చెయ్యను. పాత నోటుబుక్కు కాగితం మీద ఏటవాలుగా ఒకదాని పక్కన ఒకటి పేర్చి, మిషను కుట్టు బాగా దగ్గరగా పెట్టి కుట్టేస్తాను. చిల్లులు దగ్గరగా పడతాయి గనక కాగితం ఇట్టే చిరిగి వచ్చేస్తుంది. న్యూస్‌పేపరు వాడొద్దు, సిరా తెల్లబట్టకి అంటుతుంది.

అక్క అర్ధరాత్రి దాకా కాగితాలు కత్తిరించింది. పారెయ్యమన్న మనిషే.

తిరుగు బస్సులో చాచా చీటీ తీశాను. రెండంగుళాల లెక్కన అడ్డం పద్దెనిమిది, నిలువు పద్దెనిమిది, మొత్తం 324 ముక్కలు. ఒళ్ళో తువ్వాలు పరుచుకుని పచ్చ ఒకవైపు, తెలుపు ఒకవైపు లెక్కపెట్టడం మొదలుపెట్టాను. చౌటుప్పల్ దాటేసరికి తెలుపు సరిపోయింది, పచ్చ పదకొండు తక్కువొచ్చింది. ఇంట్లో బీరువా పైఅరలో ఒక పచ్చ లంగా ఉంది, నా చిన్నప్పటిది.