ఫోన్ అడ్డంగా తిప్పితే పచ్చళ్ల సైటు పడిపోయింది

మా పిన్నికి నల్లకుంటలో పచ్చళ్ల వ్యాపారం ఉంది. వ్యాపారం అంటే పెద్ద షాపేం కాదు, ఇంటి వెనక రేకుల షెడ్డు, సాయానికి ఇద్దరు ఆడవాళ్లు, దానికి తోడు నేను పెట్టిచ్చిన ఒక వెబ్‌సైటు. చిన్న వీపీఎస్ (హోస్టింగ్ కంపెనీ తన పెద్ద మెషీన్‌లో మనకిచ్చే వాటా) ఒకటి అద్దెకి తీస్కొని దాని మీద ఉబుంటు అనే లినక్స్, దాని మీద అపాచీ అనే వెబ్ సర్వర్, అంటే అడిగినవాళ్లకి పేజీలు పంపే ప్రోగ్రామ్, వేసి వదిలేశా. ఏడాదిలో పది నెలలు ఆ సర్వర్ కునుకు తీస్తూనే ఉంటుంది, ఏప్రిల్ మే వస్తే మాత్రం కొత్తావకాయ ఆర్డర్లు మొదలవుతాయి, అప్పుడు దానికి జలుబు చేసినా పిన్ని ఫోన్ నాకే.

కొన్నేళ్ల కిందట ఇలాగే మే నెలలో ఒకరోజు సాయంత్రం రాయదుర్గంలో మెట్రో ఎక్కానో లేదో ఫోన్ వచ్చింది. "ఒరేయ్, సైటు రావట్లేదురా. డల్లాస్ ఆవిడెవరో ఆరు కేజీలు ఆర్డర్ పెడదామని కూర్చుందట, కనెక్షన్ రెఫ్యూజ్డ్ అంటోందట. నువ్వేమన్నా కెలికావా?" అంది. లేదు పిన్నీ అన్నా. అబద్ధం. ముందు రోజు రాత్రి పదకొండింటికి కొత్త సబ్‌డొమైన్ ఒకటి పెడదామని అపాచీ సెట్టింగులుండే కాన్ఫిగ్ ఫైల్ తెరిచి, సగం రాసి, సేవ్ చేసి, నిద్రొచ్చి పడుకున్నా. కానీ అపాచీ కాన్ఫిగ్ ఫైల్‌ని స్టార్ట్ అయ్యేటప్పుడు ఒకసారి చదివి బుర్రలో పెట్టేసుకుంటుంది, మనం ఆ తర్వాత ఫైల్‌లో ఏం రాసినా మళ్లీ చదవమని చెప్పేదాకా దానికి పట్టదు. అందుకే తెల్లారి నుంచి సాయంత్రం దాకా సైటు బ్రహ్మాండంగా నడిచింది. సాయంత్రం హోస్టింగ్ వాళ్లు మెయింటెనెన్స్ అని మెషీన్ రీబూట్ చేశారు, అపాచీ లేచి నేను రాసిన సగం ఫైల్ చదివి, నా వల్ల కాదని పడుకుంది.

రాయదుర్గం నుంచి సాయంత్రం ఎక్కే మెట్రో సంగతి తెలిసిందే కదా, ల్యాప్‌టాప్ బ్యాగ్‌లోంచి తీయడం కాదు, బ్యాగే మన దగ్గరుందో లేదో తెలీదు. ఒక చేత్తో పైన హ్యాండిల్ పట్టుకుని ఇంకో చేత్తో ఫోన్‌లో టెర్మక్స్ (కమాండ్లు కొట్టే టెర్మినల్ యాప్) తెరిచి, ఎక్కడో ఉన్న సర్వర్‌లోకి వెళ్లే ఎస్ఎస్‌హెచ్ కమాండ్ కొట్టా. (ఈ ఎస్ఎస్‌హెచ్‌ని 1995లో ఫిన్లాండ్‌లో తాతు యులోనెన్ అనే ఆయన రాశాడు, వాళ్ల యూనివర్సిటీ నెట్‌వర్క్‌లో ఎవడో పాస్‌వర్డులు దొంగిలించాడని. మెషీన్‌లో ఒక్కో సర్వీసుకి తలుపు నంబర్ లాంటి పోర్ట్ నంబర్ ఉంటుంది, పాత సర్వీసులైన ఎఫ్‌టీపీకి 21, టెల్నెట్‌కి 23, మధ్యలో 22 ఖాళీగా ఉందని అడిగి మరీ ఆ నంబర్ తీసుకున్నాడు, ఖర్చీఫ్ వేసి సీటు ఆపుకున్నట్టు.)

లోపలికెళ్లి, సర్వర్‌ని తెర వెనక లేపే కమాండ్, సిస్టమ్‌సీటీఎల్ స్టార్ట్ అపాచీ2 అని కొట్టా. ఫెయిల్డ్, వివరాలకి ఫలానా కమాండ్ చూడు అంది. ఆ ఫలానా కమాండ్ కొడితే అరచేతంత స్క్రీన్‌లో ఒక్కో లైన్ నాలుగు ముక్కలై కనపడుతోంది, ఏం అర్థం కావట్లా. అప్పుడు అమీర్‌పేట్‌లో లినక్స్ కోర్సు చెప్పిన సార్ మాట గుర్తొచ్చింది, సర్వర్ లేవట్లేదంటే దాన్ని తెర వెనక కాకుండా తెర ముందు నడిపి చూడండి అనేవాడు. అంటే అపాచీని నడిపే అపాచీసీటీఎల్ అనే కమాండ్ పక్కన హైఫన్ పెద్ద డీ, ఫోర్‌గ్రౌండ్ అని కొట్టడం. కొట్టా. వెంటనే చెప్పింది, ఫలానా ఫైల్‌లో వర్చువల్‌హోస్ట్ (ఒక్కో సైటు సెట్టింగులుండే ముక్క) తెరిచి మూయలేదు నాయనా అని. నానో ఎడిటర్‌లో బొటనవేలుతో మూసే ట్యాగ్ టైప్ చేసి (యాంగిల్ బ్రాకెట్ కోసం కీబోర్డ్‌లో మూడు పేజీలు వెతకాలి, అది వేరే నరకం) పై బాణం నొక్కి అదే కమాండ్ మళ్లీ ఎంటర్ కొట్టా. కర్సర్ అలా నిలబడిపోయింది, అంటే సర్వర్ నడుస్తోంది. క్రోమ్‌లో చూస్తే ఆవకాయ ఫోటో వచ్చింది. మాదాపూర్ దాటకముందే పిన్నికి ఫోన్ చేసి అయిపోయింది పిన్నీ, చెప్పు ఆవిడకి అన్నా. కాలర్ ఎగరేయడానికి చెయ్యి ఖాళీ లేదు గానీ లేకపోతే అదీ చేసేవాడిని.

పెద్దమ్మ గుడి దగ్గర మళ్లీ ఫోన్. "మళ్లీ పోయిందిరా."

టెర్మక్స్ తెరిచి చూస్తే నిజంగానే ప్రాంప్ట్ (తర్వాతి కమాండ్ కోసం చూసే లైన్) వచ్చేసి ఉంది, అపాచీ లేదు. ఎర్రర్ లేదు, తిట్టు లేదు, ఏమీ లేదు, చెప్పాపెట్టకుండా వెళ్లిపోయింది. జనం తోసుకుంటుంటే ప్రోగ్రామ్‌ని ఆపే కంట్రోల్ సీ తగిలిందేమోలే అనుకుని మళ్లీ లేపా. క్రోమ్‌లో చూశా, వస్తోంది. టెర్మక్స్‌కి తిరిగొచ్చి కీబోర్డ్ తెరిచా, పోయింది. మళ్లీ లేపా. వస్తోంది. అక్షరాలు సరిగ్గా కనపడట్లేదని ఫోన్ అడ్డంగా తిప్పా, పోయింది. నేను చూడనంతసేపు నడుస్తుంది, చూడగానే ఆగిపోతుంది. చిన్నప్పుడు మా తాతయ్య రేడియో ఇలాగే ఉండేది, దగ్గరికెళ్తే గరగర, దూరం జరిగితే పాట. యూసఫ్‌గూడ దాటేసరికి నాకు నిజంగా చెమటలు పట్టాయి, ఏసీ బోగీలో.

అమీర్‌పేట్‌లో సగం బోగీ ఖాళీ అవుతుంది కదా, అక్కడ సీటు దొరికింది. కూర్చుని మొదటిసారి బుద్ధిగా, ముందే చేయాల్సిన పని చేశా, ఎర్రర్ లాగ్ (సర్వర్ తన తప్పులు రాసుకునే డైరీ) చివరి లైన్లు టెయిల్ కొట్టి చూశా. ఒకే లైన్ మూడుసార్లు ఉంది. "కాట్ సిగ్‌వించ్, షటింగ్ డౌన్ గ్రేస్‌ఫుల్లీ."

సిగ్‌వించ్ అంటే విండో చేంజ్. టెర్మినల్ సైజు మారినప్పుడల్లా అందులో ముందు నడుస్తున్న ప్రోగ్రామ్‌కి కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) పంపే సిగ్నల్, అంటే చిన్న కబురు అది, ఇదిగో కిటికీ పెద్దదైంది, చిన్నదైంది, నీ బొమ్మ సరిచేసుకో అని. ఎడిటర్ల లాంటివాటికి అది కావాలి. వెబ్ సర్వర్‌కి కిటికీ ఎక్కడిది, అది వెనకాల ఎక్కడో టెర్మినల్ లేకుండా బతికేది. ఎలాగూ ఖాళీగా పడి ఉన్న సిగ్నల్ కదా అని అపాచీ వాళ్లు దాన్ని తీస్కొని "మర్యాదగా ఆగిపో" అనే అర్థానికి వాడుకున్నారు. నేనేమో దాన్ని తెర ముందుకి తెచ్చి కూర్చోబెట్టి, కీబోర్డ్ తెరిచినప్పుడల్లా స్క్రీన్ లైన్లు తగ్గి, ఫోన్ తిప్పినప్పుడల్లా సైజు మారి, ప్రతిసారీ దానికి ఇక దయచేయి అని నా చేతులతో నేనే చెప్తున్నా. అది పాపం చేతిలో ఉన్న పని పూర్తి చేసి మరీ పోతోంది. డాకర్ (ప్రోగ్రామ్‌ని డబ్బాలో పెట్టినట్టు విడిగా నడిపే పనిముట్టు) వాడేవాళ్లకి ఇది ఇంకోలా కనపడుతుంది, అపాచీ అఫీషియల్ ఇమేజ్‌లో ఆపే సిగ్నల్ కింద ఈ సిగ్‌వించే రాసి ఉంటుంది, ఎందుకో తెలీక చాలామంది తల గోక్కుంటారు.

బేగంపేట వచ్చేలోపు సిస్టమ్‌సీటీఎల్ స్టార్ట్ అని పద్ధతిగా లేపి, ఫోన్‌ని నిలువుగా అడ్డంగా నాలుగుసార్లు తిప్పా. పక్కాయన వింతగా చూశాడు. సైటు కదల్లేదు. డల్లాస్ ఆవిడ ఆరు కేజీలు కాదు, ఎనిమిది పెట్టింది.

ఆ రోజు నుంచే నాకు ఈ సిగ్నల్స్ పిచ్చి పట్టింది. అప్పటిదాకా కమాండ్ లైన్ అంటే స్టార్ట్, స్టాప్, రీస్టార్ట్, ఏదన్నా డౌట్ వస్తే రీస్టార్ట్, అంతే నా జ్ఞానం. నిజానికి ఈ అపాచీసీటీఎల్ అయినా, ఇంజిన్‌ఎక్స్ అనే ఇంకో వెబ్ సర్వర్‌కి హైఫన్ ఎస్ పెట్టి రీలోడ్ అనేదైనా చివరికి చేసేది ఒక ప్రాసెస్‌కి (నడుస్తున్న ప్రోగ్రామ్‌కి) ఒక సిగ్నల్ పంపడమే, ఆ పంపే కమాండ్‌కి కిల్ అని పేరు పెట్టడం వల్ల అంతా చంపుడు వ్యవహారంలా కనపడుతుంది గానీ. ఒకసారి చెల్లికి ఫోన్‌లో ఇదంతా చెప్తూ "కిల్ కొట్టి హప్ పంపు, అదే లేస్తుంది" అంటుంటే స్పీకర్‌లో విన్న పిన్ని "దీపం పెట్టే వేళ ఆ చంపుడు మాటలేంట్రా" అని ఇద్దర్నీ కలిపి తిట్టింది.

హప్ అనే సిగ్నల్ కథ కూడా సిగ్‌వించ్ లాంటిదే. ఒకప్పుడు టెర్మినళ్లు ఫోన్ లైన్ మీద మోడెమ్‌తో కనెక్ట్ అయ్యేవి, లైన్ కట్ అయితే అవతల ప్రోగ్రామ్‌కి "ఫోన్ పెట్టేశారు" అని వెళ్లే సిగ్నల్ అది. టెర్మినలే లేని సర్వర్‌కి ఫోన్ పెట్టేసేదెవరు, అందుకని దాన్ని "కాన్ఫిగ్ మళ్లీ చదువు" అనే దానికి వాడుకున్నారు. ఇంజిన్‌ఎక్స్‌లో హప్ అంటే సాఫీగా రీలోడ్. అపాచీలో హప్ అంటే నడుస్తున్న పిల్ల ప్రాసెస్‌లని చంపి రీస్టార్ట్, సాఫీగా కావాలంటే యూఎస్ఆర్1 అనే సిగ్నల్. అదే యూఎస్ఆర్1 ఇంజిన్‌ఎక్స్‌కి పంపితే లాగ్ ఫైళ్లు మళ్లీ తెరుస్తుంది. అమ్మాయి అంటే ఒక ఊళ్లో కూతురు, ఇంకో ఊళ్లో కోడలు అన్నట్టు.

రీస్టార్ట్‌కీ రీలోడ్‌కీ తేడా మా చెల్లికి పెళ్లి భోజనాల లెక్కలో చెప్పా. రీలోడ్ అంటే కూర్చున్న బంతిని తిని లేవనిచ్చి, కొత్తగా వచ్చేవాళ్లకి కొత్త మెనూ వడ్డించడం. రీస్టార్ట్ అంటే పప్పన్నం కలుపుతుండగా విస్తరి లాగేయడం. అది సరే గానీ కిల్ హైఫన్ 9 ఏంటి అంది. అది ఫంక్షన్ హాల్ కరెంట్ పీకేయడం. ఇంజిన్‌ఎక్స్‌లో మాస్టర్‌కి, అంటే మిగతావాటిని నడిపే పెద్ద ప్రాసెస్‌కి, 9 కొట్టారనుకోండి, మాస్టర్ పోతుంది గానీ దాని కింద పని చేసే వర్కర్లు అనాథల్లా అలాగే ఉండిపోతాయి, వెబ్‌సైటుకి వాడే 80 పోర్ట్ పట్టుకుని వదలవు, కొత్తది లేపితే అడ్రస్ ఆల్రెడీ ఇన్ యూజ్ అని ఏడుస్తుంది. ఒకసారి చేశా, చెప్పుకోవాలంటే సిగ్గు.

ఆ మరుసటి ఏడాది సైటుని ఇంజిన్‌ఎక్స్‌కి మార్చేశా. ఇగోర్ సిసోయెవ్ అనే రష్యన్ ఆయన 2002లో మొదలుపెట్టి 2004లో బయటికి వదిలిన సర్వర్ అది, ఒకేసారి పదివేల కనెక్షన్లు తట్టుకోవాలనేది అప్పటి తపన, మా పిన్నికి ఒకేసారి పది వస్తే పండగ, కాబట్టి నేను మారింది దానికోసం కాదు. రీలోడ్ చెప్పినప్పుడు కొత్త కాన్ఫిగ్‌లో తప్పుంటే ఇంజిన్‌ఎక్స్ పాతదాంతోనే నడుస్తూ పోతుంది. అపాచీకి నేరుగా సిగ్నల్ పంపితే మాత్రం తప్పు కాన్ఫిగ్ చూసి మాస్టర్ ప్రాసెస్ చేతులెత్తేసి బయటికి పోతుంది. అపాచీసీటీఎల్ గ్రేస్‌ఫుల్ అని కొడితే మాత్రం ముందు తనే టెస్ట్ చేసుకుని తప్పుంటే ఆగిపోతుంది, అందుకే అపాచీ వాడేవాళ్లు పోటుగాళ్లలా కిల్ జోలికి పోకుండా ఆ కమాండే వాడుకోండి.

డిస్క్ నిండిన రోజు కూడా చెప్పాలి. 100 శాతం ఫుల్ అని చూపిస్తోంది, యాక్సెస్ లాగ్ (సైటుకి ఎవరెవరొచ్చారో రాసే ఫైల్) గంపెడంత ఉంది, ఆర్ఎమ్ కొట్టి తీసేశా. అయినా 100 శాతమే. ఫైల్ పేరు పోయింది గానీ ఇంజిన్‌ఎక్స్ దాన్ని తెరిచి పట్టుకునే ఉంది, పేరు లేని ఆ ఫైల్‌లోకి రాస్తూనే ఉంది, అది వదిలేదాకా డిస్క్‌లో చోటు తిరిగి రాదు. తెరిచి ఉన్న ఫైళ్లు చూపించే ఎల్ఎస్ఓఎఫ్ కమాండ్‌లో ప్లస్ ఎల్1 పెట్టి చూస్తే డిలీటెడ్ అని పక్కన రాసి మరీ కనపడింది. ఇంజిన్‌ఎక్స్ హైఫన్ ఎస్ రీఓపెన్ అనగానే పాతది వదిలేసి కొత్త ఫైల్ తెరిచింది, జీబీలకి జీబీలు వెనక్కొచ్చాయి.

సర్టిఫికెట్ గొడవ కూడా ఈ కుటుంబమే. సైటు అసలుదేనని బ్రౌజర్‌కి చెప్పే లెట్స్ ఎన్‌క్రిప్ట్ సర్టిఫికెట్ 90 రోజులది తీసుకున్నా, సర్ట్‌బాట్ అనే ప్రోగ్రామ్ దానంతటదే రెన్యూ చేసింది, ఫైల్ కొత్తది, అయినా బ్రౌజర్‌లో ఎక్స్‌పైర్డ్ అని ఎర్ర తెర. రీలోడ్ చెప్పేవాళ్లు లేక సర్వర్ పాతదాన్నే చూపిస్తోంది. డిప్లాయ్ హుక్‌లో (కొత్త సర్టిఫికెట్ రాగానే సర్ట్‌బాట్ నడిపే కమాండ్) ఒక లైన్ రీలోడ్ రాస్తే సరిపోయింది.

ఇప్పుడు నా చేతి అలవాటు ఏంటంటే ఫైల్ సేవ్ చేసిన నిమిషంలోనే కాన్ఫిగ్ టెస్ట్ చేసే ఇంజిన్‌ఎక్స్ హైఫన్ టీ, సరే అంటేనే రీలోడ్, తర్వాత కర్ల్ అనే కమాండ్‌తో సైటు హెడర్ తెప్పించి 200 (అంతా బాగుందని అర్థం) వచ్చిందో లేదో చూడటం, రాత్రి పదకొండు తర్వాత అసలు ఫైల్ తెరవకపోవడం. ఏదన్నా ముందు నడిపి చూడాల్సొస్తే సర్వర్ మీద నడిచే టీమక్స్ అనే ప్రోగ్రామ్ లోపలే, మెట్రోలో నెట్ పోయినా సెషన్ అక్కడే ఉంటుంది. అయితే టీమక్స్‌లో కూడా ఫోన్ తిప్పితే లోపలి కిటికీ సైజు మారుతుంది, వించ్ లోపలికీ వెళ్తుంది, అది గుర్తుపెట్టుకోండి.

సర్వర్ ఇంజిన్‌ఎక్స్ అయింది, తెర వెనకే నడుస్తోంది, ఇక ఫోన్ ఎంత తిప్పినా ఏమీ కాదని నాకూ తెలుసు. అయినా ఆటో రొటేట్ మాత్రం ఆ రోజు ఆఫ్ చేసింది ఇప్పటికీ ఆన్ చేయలేదు, ఇంట్లో వాళ్లు నా ఫోన్‌లో మ్యాచ్ చూస్తే నిలువుగా అగ్గిపెట్టెంత బొమ్మలోనే చూస్తారు.